ఎలాస్టిక్ చేతిపట్టీకి క్లాస్ప్: వెనక వైపు నుంచి మొదలుపెట్టే డిజైన్

(నగల పనివాళ్లు, కాస్ట్యూమ్ దర్జీలు కలిసి కూర్చున్న శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ నుంచి రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారమండీ. ఈ రోజు మనం మాట్లాడుకోబోయే వస్తువు అరచేతిలో ఇమిడిపోతుంది. చొక్కా చేతుల మీద, మోచేతికి కాస్త పైన, ఎలాస్టిక్ పట్టీ వేస్తారు చూడండి, పాత ఇంగ్లిషు సినిమాల్లో బ్యాంకు గుమాస్తాలకీ బారు కౌంటరు వెనక నిలబడేవాళ్లకీ కనిపిస్తుంది. ఆ పట్టీ రెండు కొసల్నీ కలిపి ఉంచే క్లాస్ప్ గురించి, దాని ముందుభాగంలో పెట్టే నగిషీ గురించి మాట్లాడుకుందాం. ఇక్కడ వంకీలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు చెయ్యి అంటే ఏమిటో, దాని మీద లోహం ఎలా కూర్చుంటుందో తెలుసు. దర్జీలున్నారు, వాళ్లకి ఎలాస్టిక్ తెలుసు. ఈ వస్తువు చెయ్యాలంటే ఆ రెండు తెలివితేటలూ ఒక్కచోటికి రావాలి. రాకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను.

ముందు ఈ పట్టీ ఎందుకు పుట్టిందో రెండు మాటలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో, బ్రిటన్‌లో రెడీమేడ్ చొక్కాలు చాలావరకు ఒకటే చేతి పొడవుతో వచ్చేవి. పొడుగువాళ్లకి సరిపోవాలని పొడుగ్గానే కుట్టేవారు. చెయ్యి పొట్టిగా ఉన్నవాడు ఏం చెయ్యాలి? మోచేతి పైన పట్టీ వేసి, మిగులు బట్టని పట్టీ పైకి లాగి వదులుగా వదిలేసేవాడు. కఫ్ మణికట్టు దగ్గర సరిగ్గా ఆగేది. సిరా అంటుకోదు, పేకముక్కలు పంచుతుంటే అడ్డం రాదు. మరి సాగే పట్టీ ఎక్కడిది? లండన్‌లో థామస్ హాంకాక్ 1820లోనే చేతి తొడుగులకీ ప్యాంటు పట్టీలకీ రబ్బరు పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఆ రబ్బరు చలికి బిర్రబిగిసేది, ఎండకి జిగురయ్యేది. గంధకంతో కలిపి వండే పద్ధతికి 1843, 44 ప్రాంతంలో ఇంగ్లండులో హాంకాక్‌కీ అమెరికాలో గుడియర్‌కీ పేటెంట్లు వచ్చాక గానీ రబ్బరు నమ్మకంగా వాడే సరుకు కాలేదు. ఈ గంధకం మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

ఇప్పుడివి ఎవరికి కావాలి? పాతకాలపు కథల నాటకాలకి, సినిమాలకి కావాలి. పాత పద్ధతి బార్లలో పనిచేసేవాళ్లకి కావాలి. అమెరికాలో బార్బర్‌షాప్ అనే పద్ధతిలో నలుగురు కలిసి పాడే బృందాలున్నాయి, వాళ్ల వేషంలో ఇదొక భాగం. పెళ్లికొడుకులు కూడా వేసుకుంటున్నారు. మన దగ్గర వంకీల వెనక కూడా ఎలాస్టిక్ వేసి అమ్ముతున్నారు కదా, ఈ రోజు చెప్పేదాంట్లో సగానికి పైగా ఆ వంకీకీ పనికొస్తుంది.

సరే. క్లాస్ప్ డిజైన్ చెయ్యమంటే మనం ముందు ఏం చేస్తాం? కాగితం తీసి పువ్వు వేస్తాం. నెమలి వేస్తాం. నేను చెప్పేది ఒక్కటే: పువ్వు తర్వాత వెయ్యండి. ముందు ఎలాస్టిక్ చేతిలోకి తీసుకోండి. తర్వాత కొక్కెం. ఆ తర్వాత పట్టీ దూరే సందు. అన్నిటికంటే చివర్న పువ్వు. వెనక వైపు నుంచి ముందుకి రావాలి. ఎదురు దిశలో వెళ్లిన డిజైన్లు పైన పటారం, లోన లొటారం అన్నట్టే తయారవుతాయి.

ఎలాస్టిక్ మూడు రకాలు. అల్లింది, నిట్టింగ్ చేసింది, నేసింది. అల్లినది లాగితే సాగుతుంది, సాగుతూ సన్నబడుతుంది. 25 మి.మీ. వెడల్పు పట్టీ కొని, 25 మి.మీ. బిళ్ల, అంటే క్లాస్ప్ ముందు కనపడే రేకు, చేశారనుకోండి, చేతికి పెట్టాక పట్టీ సన్నబడి బిళ్ల రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది. సందులో ఒక మూలకి జారి ముడుచుకుంటుంది కూడా. నిట్టింగ్‌ది మెత్తగా ఉంటుంది గానీ అంచులు చుట్టుకుపోతాయి. కాబట్టి క్లాస్ప్ పెట్టే పట్టీకి నేసిన ఎలాస్టిక్కే తీసుకోండి. లాగినా వెడల్పు మారదు. దుకాణంలోనే లాగి చూడండి, చెప్పిన పేరుని నమ్మొద్దు.

వెడల్పు ఎంత? ఇక్కడ చిన్న లెక్క ఉంది, కొంచెం ఓపిక పట్టండి. చెయ్యి చుట్టుకొలత 31 సెం.మీ. అనుకుందాం, అంటే వ్యాసార్థం 5 సెం.మీ. పట్టీ లాగుడు 300 గ్రాముల బరువంత అనుకుందాం. 25 మి.మీ. వెడల్పు పట్టీ అయితే చర్మం మీద పడే ఒత్తిడి, డాక్టర్లు బీపీ కొలిచే లెక్కలో, సుమారు 18 వస్తుంది. అదే లాగుడుతో 15 మి.మీ. పట్టీ వేస్తే? 30. లాగుడు మారలేదు, మనిషి మారలేదు, పట్టీ సన్నబడిందంతే. సాయంత్రం విప్పేసరికి చేతి మీద ఎర్రటి గాడి పడేది అందుకే. రోజంతా వేసుకునే పట్టీకి నేను 20 దాటనివ్వను. సన్నటి పట్టీయే కావాలని పట్టుబడితే లాగుడు తగ్గించాలి, అప్పుడు బిళ్ల బరువు కూడా తగ్గించాలి. చూశారా, పట్టీ వెడల్పు నేరుగా మీ నగిషీ మీదికొచ్చింది.

ఇప్పుడు పొడవు. దీంట్లోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఎలాస్టిక్‌ని ఒక 20 సెం.మీ. కత్తిరించి, పై కొస బిగించి, కింద 300 గ్రాములు వేలాడదీయండి. ఎంత సాగిందో చూడండి. 23 సెం.మీ. అయితే 15 శాతం. అది మీ పట్టీ శాతం. ఇంకో రకం తెస్తే మళ్లీ వేలాడదీయాలి, పాత శాతం పనికిరాదు. తర్వాత చెయ్యి కొలవండి, చొక్కా మీదే కొలవండి. 31 సెం.మీ. వచ్చింది. ఇప్పుడు ఆలోచించండి: క్లాస్ప్ సాగుతుందా? సాగదు. క్లాస్ప్ మొత్తం 5 సెం.మీ. పొడవుంటే, ఎలాస్టిక్ చుట్టాల్సింది 26 సెం.మీ. మాత్రమే. 26ని 1.15తో భాగించండి. 22.6 సెం.మీ. కుట్టు మడతలకి అటు 2, ఇటు 2 కలపండి. 26.6 సెం.మీ. కత్తిరించండి. మొత్తం 31నీ 1.15తో భాగించి, వచ్చిన 27లోంచి క్లాస్ప్ 5 తీసేస్తారు చాలామంది. అప్పుడు ఎలాస్టిక్ 22 సెం.మీ. అవుతుంది, సాగేది 15 శాతం కాదు, 18 శాతం. క్లాస్ప్ పెద్దదయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. బిగుతుగా ఉందని తిరిగొచ్చే పట్టీల్లో ఈ లెక్క తప్పినవి చాలా ఉంటాయి.

ఇంకో సంగతి. మోచెయ్యి మడిస్తే కండ పొంగుతుంది. 31 కాస్తా 33 అవుతుంది. మన పట్టీ 22.6 నుంచి 28కి సాగాలి, దాదాపు 24 శాతం. లాగుడు 300 గ్రాముల నుంచి సుమారు 480కి పోతుంది. ఫరవాలేదు, కాసేపే కదా. అదే 300 గ్రాములకి 5 శాతమే సాగే గట్టి ఎలాస్టిక్ తెచ్చారనుకోండి. లెక్క వేస్తే చెయ్యి మడిచినప్పుడు 770 గ్రాములు దాటుతుంది! నిలబడి ఉన్నప్పుడు హాయిగా ఉన్న పట్టీ, గ్లాసు ఎత్తగానే కరిచిపట్టుకుంటుంది. అందుకని 300 గ్రాములకి 15 నుంచి 20 శాతం సాగే ఎలాస్టిక్ వెతకండి. గట్టిగా ఉంటే మన్నుతుందనే నమ్మకం ఇక్కడ పనిచెయ్యదు.

బిళ్ల సంగతికి వద్దాం. చెయ్యి గుండ్రం, రేకు బల్లపరుపు. బల్లపరుపు బిళ్ల 6 సెం.మీ. పొడవుంటే, మధ్యలో చేతికి ఆనినప్పుడు రెండు కొసలూ సుమారు 9 మి.మీ. గాలిలో లేచి ఉంటాయి. తొమ్మిది! చిటికెన వేలు దూరుతుంది. ఆ సందులోకి మిగులు బట్ట దూరి ఉబ్బుతుంది. అదే 3 సెం.మీ. అయితే లేచేది రెండుంబావు మి.మీ. మాత్రమే. పొడవు సగమైతే లేవడం నాలుగో వంతు అవుతుంది. ఈ ఒక్క లెక్క చాలు, క్లాస్ప్‌ని ఎందుకు రెండు ముక్కలుగా చేసి మధ్యలో కొక్కెంతో కలపాలో చెప్పడానికి. మధ్యలో మడతపడుతుంది కాబట్టి ప్రతి ముక్కా తన 3 సెం.మీ. వరకే చేతితో పోట్లాడుతుంది. బ్రిటన్‌లో నర్సుల నడుము పట్టీలకి వెండి బకిళ్లు ఉండేవి, రెండు ముక్కలు, మధ్యలో కొక్కెం. చేతిపట్టీకి అంతకంటే మంచి నమూనా నాకు కనిపించలేదు.

ప్రతి ముక్కకీ కొంచెం వంపు కూడా ఇవ్వండి. ఎంత వంపు? చెయ్యి వ్యాసార్థం 50 మి.మీ. కదా అని 50కి వంచకండి. 55 నుంచి 60కి వంచండి, అంటే చేతికంటే కాస్త చదునుగా. కొసలు ఒక మి.మీ. లేచినా నష్టం లేదు, దిగబడితేనే నష్టం. సన్నచెయ్యి మనిషి కోసం బాగా వంచిన బిళ్ల లావుచెయ్యి మనిషికి రెండు కొసల దగ్గరా గుచ్చుకుంటుంది. పైగా చేతి బయటి వైపు లోపలి వైపంత గుండ్రంగా ఉండదు, తాకి చూసుకోండి.

బరువు. 40 మి.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఇత్తడి ఎనిమిదిన్నర గ్రాములు. పోత పోసి రెండున్నర మి.మీ. మందం ఉంచారంటే 21 గ్రాములు. క్లాస్ప్ మొత్తం 15 గ్రాముల లోపు ఉంచండి. దాటితే కింది అంచు జారి బిళ్ల నేల చూపులు చూస్తుంది, మనిషి మాటిమాటికీ సర్దుకుంటాడు. 20 గేజు రేకు, అంటే సుమారు 0.9 మి.మీ., చాలామటుకు సరిపోతుంది. గేజు అంకె పెరిగేకొద్దీ రేకు పలచన.

ఇక కొక్కెం. ఈ ప్రసంగంలో దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే విరిగేది ఇక్కడే, ఊడేది ఇక్కడే.

కొలతలు రాసుకోండి. కొక్కెం పట్టీ 20 గేజు గట్టి ఇత్తడి రేకు, 8 మి.మీ. వెడల్పు. ఫాస్ఫర్ బ్రాంజ్, అంటే రాగి, తగరం కలిసిన ఒక రకం కంచు, దొరికితే ఇంకా మంచిది, అది స్ప్రింగులా తిరిగి యథాస్థానానికి వస్తుంది. రెండో ముక్కకి ఉండే, కొక్కెం తగులుకునే అడ్డకడ్డీ 16 గేజు తీగ, సుమారు 1.6 మి.మీ. కొక్కెం లోపలి సందు 1.8 మి.మీ. నాలుక, అంటే వెనక్కి మడిచిన కొక్కెం కొస, పొడవు 5 మి.మీ. నాలుక కొస దగ్గర మాత్రం సందు 1.5కి తగ్గించండి. అంటే కడ్డీ కంటే కొంచెం ఇరుకు. పెట్టేటప్పుడు టక్కుమని దూరుతుంది. ఎందుకు ఈ ఇరుకు? మామూలు కొక్కెం ఎలాస్టిక్ లాగుడు ఉన్నంతసేపే నిలుస్తుంది. ఇంగ్లండులో బడిపిల్లలు పెట్టుకునే బెల్టుకి పాము ఆకారంలో ఎస్ కొక్కెం ఉంటుంది, నడుము మీద అది బాగానే ఆగుతుంది. చెయ్యి అలా కాదు. పైకెత్తితే, దించితే, కోటులో దూరిస్తే పట్టీ ఒక్క క్షణం వదులవుతుంది. ఆ ఒక్క క్షణంలో మూతి వెడల్పుగా ఉన్న కొక్కెం జారిపోతుంది. మనిషికి తెలియను కూడా తెలియదు.

నాలుక చొక్కా వైపు ఉంటుంది. దాని కొసని ఆకురాయితో గుండ్రంగా చేసి, నున్నగా మెరుగు పెట్టండి. గోటితో కాదు, పాత పట్టుగుడ్డ ముక్కతో రుద్ది చూడండి. దారం లేస్తే పని ఇంకా ఉందన్నమాట.

రేకు వంచేటప్పుడు ఇంకో జాగ్రత్త. రేకుకి మరలో సాగిన దిశ ఒకటుంటుంది, సన్నటి గీతల్లా కనిపిస్తుంది. కొక్కెం పొడవు ఆ గీతల వెంట ఉండాలి, మడత గీతలకి అడ్డంగా పడాలి. గీతల వెంబడి మడిస్తే బయటి వైపు సన్నటి పగుళ్లు వస్తాయి. పూత కింద కనపడవు, నెలకో రెండు నెలలకో పుటుక్కుమంటుంది.

ఇప్పుడు అందరికంటే ముఖ్యంగా టంకం పెట్టేవాళ్లకి చెబుతున్నాను. కొక్కేన్ని బిళ్లకి వెండి టంకంతో అతుకుతారు కదా. అతుకు గట్టిదే. మరి కొక్కెం? ఆ వేడికి ఇత్తడి పూర్తిగా మెత్తబడుతుంది. అతుకు ఊడదు గానీ కొక్కెం తెరుచుకుంటుంది. నాలుగు రోజులు వాడగానే నాలుక సాగిలపడుతుంది. అప్పుడు ఏం చేస్తారు? ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుందనుకుంటారు. ఉక్కుకి సరే. ఇత్తడికి, వెండికి అది పనిచెయ్యదు, ఇంకా మెత్తబడతాయి. ఇత్తడి గట్టిపడేది సుత్తెతో, మరతో, చల్లగా ఉండగా కొడితేనే, సాగదీస్తేనే. అందుకని కొక్కేన్ని టంకం పెట్టొద్దు, రివెట్ వెయ్యండి. ఒకటిన్నర మి.మీ. తీగతో రెండు రివెట్లు. ఒక్కటి వేస్తే కొక్కెం తిరుగుతుంది, రెండు కావాలి. రివెట్ తల ముందు వైపు కనపడుతుందని భయమా? నగిషీలో గింజలాగో పువ్వు మధ్య బొట్టులాగో కలిపేసుకోండి. అడ్డకడ్డీకీ, బిళ్ల చట్రానికీ టంకం ఫరవాలేదు, అవి వంగాల్సినవి కావు. టంకం పనులన్నీ ముందు, రివెట్ చివర్న.

ఇక రెండు ముక్కలూ కలిసే చోటు. బల్ల మీద పెట్టి, అంచుకి అంచు తగిలేలా ఆకురాయి పడతాం. చక్కగా కలుస్తుంది. చేతికి పెట్టగానే మధ్యలో సందు! ఎందుకు? బల్ల మీద కడ్డీ కొక్కెంలో ఎక్కడో మధ్యలో ఉంటుంది. చేతి మీద లాగుడుకి కడ్డీ మడత లోపలిదాకా పోయి ఆనుతుంది, ముక్కలు దూరం జరుగుతాయి. కాబట్టి అంచులు సరిచేసేటప్పుడు పట్టీ బిగించి, లాగి పట్టుకునే సరిచెయ్యాలి. అంతకంటే నయమైన దారి ఉంది: ఒక ముక్క అంచు రెండోదాని మీదికి 3 మి.మీ. ఎక్కేలా డిజైన్ చెయ్యండి. ఆకో, రెక్కో, తోకో పైకి వాలుతుంది. సందు ఉన్నా కనపడదు, కొక్కెం కూడా దాని కిందే దాక్కుంటుంది. దయచేసి దేవతామూర్తి ముఖాన్ని గానీ పువ్వు నడిమధ్యని గానీ అతుకు మీద పెట్టొద్దు. విప్పినప్పుడల్లా ముఖం రెండుగా చీలుతుంది.

ఎలాస్టిక్ దూరే సందు

దీనికి వేరే శీర్షిక ఎందుకంటే, పాతబడిన పట్టీ ఏదైనా తీసుకుని చూడండి. ఇదిగో, ఇది చేతిలోకి తీసుకోండి, వెనక వరసకి కూడా పంపండి. ఎక్కడ తెగిందో చూడండి. మధ్యలో కాదు. సందు దగ్గర, మడత పడే చోట. పై బట్ట బాగానే ఉంది, కాస్త విడదీసి చూస్తే లోపల రబ్బరు పోగుల కొసలు ఒక్కొక్కటే తెగి, పొట్టిగా ముడుచుకుని, తెల్లగా కనపడతాయి. కోత పెట్టినంత తిన్నగా తెగాయి చూశారా. సన్నటి రేకులో సందు కోసి, అంచులకి ఆకురాయి పట్టి వదిలేస్తే ఇదే జరుగుతుంది. 0.9 మి.మీ. రేకు అంచుని ఎంత అరగదీసినా అది కత్తే. ఎలాస్టిక్ తిరిగే వైపు 14 గేజు గుండ్రటి తీగ, అంటే 2 మి.మీ.ది, టంకం పెట్టండి. రేకుని వెనక్కి చుట్టి మడిచినా చాలు. పోగులు మెల్లగా మలుపు తిరగాలి.

సందు పొడవు ఎలాస్టిక్ వెడల్పుకంటే ఒకటిన్నర మి.మీ. ఎక్కువ ఉండాలి. 25 పట్టీకి ఇరవై ఆరున్నర. తక్కువైతే అంచులు పైకి లేచి దోనెలా అవుతుంది, 3, 4 మి.మీ. ఎక్కువైతే పట్టీ ఒక మూలకి పోతుంది. సందు ఎత్తు రెండున్నర మి.మీ. చాలు, అంచు మడిచి కుట్టిన కొసని దూర్చాలంటే మూడున్నర చెయ్యండి.

దర్జీలకి: పాలిస్టర్ దారం, సాగే బట్టలకి వాడే సూది, 3 మి.మీ. జిగ్‌జాగ్ రెండు వరసలు. మామూలు సూది రబ్బరు పోగుల్ని పొడిచేస్తుంది, ఆ పోగు లోపలికి జారిపోతుంది, పట్టీ అలలు అలలుగా ఉబ్బుతుంది. కుట్టేటప్పుడు కొసని లాగొద్దు.

ఇప్పుడు ఆ గంధకం మాట. వెండి క్లాస్ప్ చేసి, రబ్బరు ఎలాస్టిక్ వేసి, డబ్బాలో పెట్టి మూత బిగిస్తే వెండి నల్లబడుతుంది. రబ్బరు వండటంలో వాడిన గంధకమే దానికి కారణం. మరి ఇత్తడి వేస్తే? ఈసారి దెబ్బ తినేది రబ్బరు. రాగి తగిలిన చోట సహజ రబ్బరు త్వరగా చెడుతుంది, పెళుసుబారుతుంది లేదా జిగురవుతుంది. ఇత్తడిలో మూడింట రెండు వంతుల దాకా రాగే కదా. అంటే వెండి పెడితే రబ్బరు వెండిని పాడుచేస్తుంది, ఇత్తడి పెడితే ఇత్తడి రబ్బరుని పాడుచేస్తుంది! ఈ ఇద్దరినీ కలిపి కాపురం చేయించాలంటే ఏం చెయ్యాలి? వెండికి స్పాండెక్స్, అంటే రబ్బరు కాని సాగే కృత్రిమ పోగుల ఎలాస్టిక్ వాడండి. ఇత్తడికి, ఎలాస్టిక్ ఆనే తీగ మీద తప్పకుండా పూత ఉండాలి. అది అరిగిపోయే చోటు కూడా కాబట్టి, ఎలాస్టిక్ మలుపు దగ్గర ఒక చిన్న రిబ్బను ముక్క చుట్టి కుట్టండి. దానివల్ల ఇంకో లాభం, చెమటకి ఇత్తడి నుంచి వచ్చే పచ్చటి మరక తెల్లచొక్కాకి అంటదు.

జర్మన్ సిల్వర్ గురించి అడుగుతారని తెలుసు. మెరుపు బాగుంటుంది, గట్టిగా ఉంటుంది, కొక్కేనికి బాగా పనికొస్తుంది. పేరులో సిల్వర్ ఉంది గానీ దాంట్లో వెండి లేదు, రాగి, జింకు, నికెల్ ఉన్నాయి. నికెల్ కొంతమంది చర్మానికి పడదు, దురద, దద్దుర్లు వస్తాయి. చర్మానికి ఆనే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాముకి మించి నికెల్ విడుదల కాకూడదని యూరప్‌లో నిబంధన. చొక్కా మీద వేసుకునే పట్టీయే అయినా, చేతులు మడిచి వేసుకునేవాళ్లుంటారు. బయటిదేశాలకి పంపే సరుకైతే నికెల్ జోలికే పోకండి, బంగారు పూత కింద వేసే నికెల్ పొర కూడా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు నగిషీ. ఇంతసేపు ఆపాను కదా. కానీ చూడండి, ఇప్పుడు మీకు కాగితం మీద ఎంత చోటు ఉందో తెలుసు: 30 మి.మీ. పొడవు ముక్కలు రెండు, వెడల్పు ఇరవై ఆరున్నర సందు పట్టేలా 28, ముందు ఉబ్బు రెండున్నర మి.మీ.కి మించకూడదు. వెనక కొక్కెంతో కలిపి మందం ఇప్పటికే 4.5 మి.మీ. అయింది. కోటు చెయ్యి దీని మీదుగా జారాలి.

పెంబర్తి పనివాళ్ల ఇత్తడి రేకు పని దీనికి చక్కగా కుదురుతుంది. వెనక నుంచి కొట్టి ఉబ్బెత్తు చేసే పద్ధతి కాబట్టి బరువు పెరగదు. 24 గేజు రేకు మీద నగిషీ లేపి, వెనక 22 గేజు రేకు మూత వెయ్యండి. మూత లేకపోతే ఉబ్బెత్తు గుంటల్లో చెమట, దుమ్ము నిలుస్తాయి, నొక్కితే సొట్ట పడుతుంది కూడా. టంకం పెట్టి పూర్తిగా మూసేటప్పుడు గాలి పోవడానికి సూదిమొనంత రంధ్రం వదలడం మర్చిపోవద్దు.

కరీంనగర్ వెండి తీగ పని చూడటానికి ఎంత తేలిగ్గా ఉంటుందో బరువుకీ అంత తేలిక. కానీ సన్నటి తీగ కొసలు చొక్కా దారాల్ని లాగుతాయి. వెనక 24 గేజు వెండి రేకు తప్పనిసరి, లాగుడు మొత్తాన్ని బయటి మందపు తీగ చట్రమే మొయ్యాలి. కొక్కెం, కడ్డీ ఆ చట్రానికే పట్టాలి. లోపలి అల్లికకి పట్టిస్తే నాలుగైదు సార్లు లాగేసరికి అల్లిక కోలగా సాగిపోతుంది.

బిద్రీ నలుపు మీద వెండి చెక్కుడు తెల్లచొక్కా మీద ఎంత అందంగా ఉంటుందో! అయితే ఆ లోహం చాలావరకు జింకే. కొక్కెం దాంతో పోస్తే విరుగుతుంది. టంకం పెడదామంటే జింకు 419 డిగ్రీలకే కరిగిపోతుంది. ముఖం మాత్రం బిద్రీ చేసి, వెనక ఇత్తడి చట్రం, ఇత్తడి కొక్కెం, మధ్యలో రివెట్లు. అంతే.

రాళ్లు పెడితే గోళ్లతో పట్టే కట్టడం వద్దు, చుట్టూ గోడ కట్టే పద్ధతే. గోళ్లు లైనింగులో చిక్కుకుంటాయి. ఎనామెల్, అంటే కాల్చి కరిగించే గాజు రంగు, వేస్తే వెనక కూడా ఒక పొర వెయ్యండి, వంపు ముందే ఇవ్వండి. ఎనామెల్ వేశాక వంచితే పెచ్చులూడుతుంది.

జత సంగతి మర్చిపోతే అంతా మొదటికొస్తుంది. ఇవి రెండు చేతులకి రెండు. నెమలిని ఒకే అచ్చులో రెండుసార్లు పోశారనుకోండి, కుడిచేతి నెమలి ముందుకి చూస్తుంది, ఎడమచేతిది వెనక్కి చూస్తుంది. అచ్చులు రెండు కావాలి, ఒకదానికొకటి అద్దంలో నీడలా. కొక్కెం కూడా అంతే. కుడి పట్టీని ఎడమచెయ్యి ఒక్కటే పెట్టాలి, రెండో చెయ్యి సాయం రాదు. కొక్కెం ఉన్న ముక్క రెండు చేతులకీ ముందు వైపు రావాలని నా అభిప్రాయం, బొటనవేలు, చూపుడువేలు దాన్నే పట్టుకుంటాయి కాబట్టి. అట్టముక్కతో నమూనా చేసి మీ చేతికే పెట్టి చూసుకోండి. రెండు అచ్చుల ఖర్చు భరించలేమంటే ఎడమ, కుడి తేడా లేని డిజైన్ వెయ్యండి, తామరపువ్వో, చక్రమో, ఆకుల దండో. కాకపోతే అప్పుడు కూడా కొక్కెం ఏ ముక్కకి పట్టించాలో జత చూసి రివెట్ వెయ్యాలి.

అయస్కాంతం పెట్టొచ్చా అని పొద్దున ఒకరు అడిగారు. అయస్కాంతం నేరుగా లాగితే గట్టిగా పట్టుకుంటుంది, పక్కకి జరిపితే సులువుగా జారుతుంది. మన పట్టీ లాగేదే పక్కకి. కాబట్టి ఒక ముక్కకి గట్టు, రెండోదానికి గాడి పెట్టి, లాగుడు గట్టు మొయ్యాలి, అయస్కాంతం కేవలం మూత పడి ఉండేలా చూడాలి. వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇది నిజంగా సాయం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి మాత్రం ఇవ్వొద్దు, చెయ్యి ఛాతీకి దగ్గర. టిచ్ బటన్ సంగతి, పక్కకి లాగితే ఆగుతుంది, అంచు పట్టి లేపితే ఊడుతుంది, చవక రకానికి చాలు. మరశీల చేతిపట్టీకి వద్దు, ఒంటి చేత్తో తిప్పలేరు, శీల కింద పడితే దొరకదు.

పూత వెయ్యకముందే పరీక్ష చెయ్యండి. పూత వేశాక తప్పు దొరికితే పూత ఖర్చు కూడా పోతుంది. క్లాస్ప్ ఒక కొస బిగించి రెండు కిలోలు వేలాడదీయండి, ఒక నిమిషం. తీశాక నాలుక సందు మళ్లీ కొలవండి. 1.5 ఉన్నది 1.7 అయిందా, రేకు మెత్తగా ఉందన్నమాట, మార్చండి. తర్వాత 200 సార్లు పెట్టి తియ్యండి, టక్కుమనే చప్పుడు చివరిదాకా ఉండాలి. పాత చొక్కా తొడుక్కుని, పైన కోటు వేసి, చేతులు పైకీ కిందికీ ఆడించి చూడండి. తిరిగే యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లకి ఇవి అమ్మొద్దు.

చివరిగా ఒక్కటి. లోహం ఇరవై ఏళ్లుంటుంది, ఎలాస్టిక్ అన్నాళ్లు ఉండదు. దాన్ని మార్చుకునే వీలు డిజైన్‌లోనే పెట్టండి. సందు వెనక వైపు తీగలో, ఒక చివర 2 మి.మీ. ఖాళీ వదిలితే చాలు, కుట్టిన ఎలాస్టిక్ మడతని పక్కనుంచి దూర్చి ఎక్కించొచ్చు, అలాగే తియ్యొచ్చు. లాగుడు నేరుగా ఉంటుంది కాబట్టి దానంతట అది బయటికి రాదు. ఆ ఖాళీ చేతి మీద పై అంచు వైపు రావాలి, కింద వైపు వస్తే పట్టీ వదులైనప్పుడు బరువుకి జారుతుంది. జతతో పాటు మడతలు కుట్టిన ఎలాస్టిక్ ఇంకో జత ఇచ్చి, దాని సాగే శాతం, కత్తిరించిన పొడవు చీటీ మీద రాసివ్వండి. తర్వాత ఏ ఊళ్లో దర్జీ అయినా అదే కొలతకి కుట్టగలుగుతాడు.

బల్ల మీద మూడు రకాల ఎలాస్టిక్, 300 గ్రాముల బరువులు, గేజు పళ్లెం పెట్టాను. ఇద్దరిద్దరుగా రండి, ఒక నగల పనివారు, ఒక దర్జీ. ముందు వేలాడదీసి శాతం తీద్దాం.